నోరెత్తని తూఫాన్

శాలిబండలో అత్తవారింటికి వచ్చిన రోజున సక్కుబాయి చంకలో ఒక కోడిపెట్ట ఉంది. తల్లి ఇచ్చి పంపింది. పెళ్ళికూతురు గల్లీ మొదటినుంచి చివరిదాకా తల వంచుకుని నడిస్తే, పెట్ట మాత్రం మెడ చాచి అటూ ఇటూ ఉన్న ఇళ్ళన్నిటినీ తనిఖీ చేస్తూ, నచ్చనివాటిని నచ్చలేదని గట్టిగా చెబుతూ వచ్చింది. కొత్తకోడలి ముఖం ఆ గల్లీవాళ్ళు చాలా రోజులదాకా సరిగ్గా చూడలేదు గాని, ఆమె కోడిని మాత్రం మొదటి రోజే అందరూ ఎరిగారు.

ఆ పెట్ట సంతానమే కాలక్రమాన పెరడంతా నిండింది. సక్కుబాయి కడుపున పుట్టిన ఒక్క కొడుకూ ఏడాది నిండకుండానే పోయాడు. ఆ తరవాత ఇంట్లో ఎవరూ పుట్టలేదు. పెరట్లో పుడుతూనే ఉన్నారు.

భర్త ఆగయ్య కూడా కోళ్ళ మనిషే. అయితే ఆమెవి గుడ్లు పెట్టే కోళ్ళు, అతనివి పేరు తెచ్చే కోళ్ళు. ఆ పేరు కూడా వేరేవాళ్ళకు. హుస్సేనీ ఆలంలో ఒక నవాబుగారి దేవిడీ భవంతిలో పందెంకోళ్ళ సేవ అతని కొలువు. అతని తండ్రిదీ అదే కొలువు. లోకంలో కొందరు రాజ్యాలు ఏలుతారు, కొందరు దేవుణ్ణి కొలుస్తారు, ఆగయ్య వంశం మాత్రం రెండు తరాలపాటు పుంజుల తొడలు పిసికింది. తెల్లవారకముందే వెళ్ళి తడిగుడ్డతో ఒళ్ళు తుడవాలి, నూనె పెట్టి కాళ్ళు మర్దన చెయ్యాలి, బాదంపప్పు నెయ్యిలో నూరి చిన్న చిన్న ఉండలు చేసి గొంతులో వెయ్యాలి. ఆ పని ముగించుకుని ఇంటికి వచ్చి ఆగయ్య జొన్నరొట్టె తినేవాడు.

"బాదాంపప్పు రుచి ఎట్లుంటదయ్యా?" అని సక్కుబాయి కొత్తలో ఒకసారి అడిగింది.

"నాకేమెరుక? నూరేటోన్ని నేను. తినేటోడు వేరే ఉన్నడు" అన్నాడు ఆగయ్య. ఆ మాటలో అసూయ లేదు. గౌరవమే ఉంది.

ఆగయ్యకు తండ్రి ఆస్తి ఏమీ ఇవ్వలేదు, ఒక సూత్రం ఇచ్చాడు. అది కోళ్ళ బరిలో సూత్రం. బరిలో దిగిన పుంజు రక్తం కారినా, కన్ను పోయినా, ఈకలు రాలినా నిలబడినంతసేపూ నిలబడ్డట్టే. నోరు తెరిచి అరిచిందా, అక్కడితో సరి. అది ఓడినట్టు లెక్క. దాన్ని తెచ్చినవాడు ఎత్తుకుని, ఎవరి ముఖమూ చూడకుండా బయటికి నడవాలి. ఆగయ్య ఈ సూత్రాన్ని బరి దాటించి ఇంట్లోకి కూడా తెచ్చాడు. జ్వరం వస్తే మూలగడు. దెబ్బ తగిలితే అమ్మా అనడు. పిల్లవాడు పోయిన రోజు సక్కుబాయి గొంతెత్తి ఏడవబోతే, "నోరు తెరవకు. నలుగురు వింటరు" అన్నాడు. ఆమె నోరు మూసుకుంది. ఆ రోజు ఆ ఇంటి వైపు నుంచి ఎంతసేపటికీ చప్పుడు రాకపోతే పిల్లవాడికి నెమ్మదించిందేమో అనుకుని, పక్కింటి పాలవ్యాపారి గుండయ్య పెళ్ళాం ముర్రుపాల జున్ను పట్టుకుని చూడవచ్చిందట.

ఇలా ఉండగా పెద్ద నవాబు కాలం చేశాడు. చిన్న నవాబుకు కోళ్ళ మీద సరదా లేదు. ఆయనకు మోటారు మీద సరదా. కోళ్ళు ఉండే చోట మోటారు ఉంచాలని హుకుం అయింది. కోళ్ళు వంటశాలకు వెళ్ళాయి. ఆగయ్య ఇంటికి వచ్చాడు. వస్తూ వస్తూ వంటవాణ్ణి బతిమాలి, గడ్డం పట్టుకుని, ఒకే ఒక పుంజును చంకలో పెట్టుకుని వచ్చాడు. దాని పేరు తూఫాన్.

ఆ విధంగా ఆ గల్లీలోకి కోడిని చంకలో పెట్టుకుని నడిచినవాళ్ళలో ఆగయ్య రెండోవాడు.

తూఫాన్ అసలు సిసలైన అసీలు జాతి పుంజు. నిలబడితే గుండయ్య దూడ వీపు అందుకునేంత పొడుగు. మెడ గునపంలా ఉండేది. ఎదుటి పుంజుకు ముక్కుతో పట్టుకునే వీలు లేకుండా నెత్తి మీది ఎర్ర జుట్టూ, గడ్డం కింది తోలూ చిన్నప్పుడే కోసేశారు. ఎడమ కన్ను ఏదో పందెంలో పోయింది. చీకటి గదిలో గుడ్డ కప్పి పెంచడం వల్ల తెల్లవారిందో లేదో దానికి తెలియదు, తెలిసినా ఎవరికీ చెప్పదు. పేరుకు తూఫానే గాని జన్మలో ఒక్క కూత కూసి ఎరగదు. మరొక ఘనత ఏమంటే, ఆగయ్య చిటిక వేస్తే తప్ప అడుగు ముందుకు వెయ్యదు. చిటిక వేస్తే ఆగదు.

"సూడు సక్కూ, ఎట్ల నిలబడ్డదో! సిపాయి లెక్క!" అన్నాడు ఆగయ్య పెరట్లో దాన్ని దింపి.

"సూస్తున్న. గుడ్డు పెడతదా?" అంది సక్కుబాయి.

ఆమె అడిగిన దాంట్లో న్యాయం ఉంది. కొలువు పోయిన నాటినుంచి ఇద్దరూ తినేది కోళ్ళ మీదనే. అదే వీధిలో ఉండే రాహేలు ఒక దవాఖానాలో ఆయా. అక్కడి రోగులకు గుడ్లు కావాలి. యుద్ధం మొదలయ్యాక గుడ్లకు గిరాకీ ఇంకా పెరిగింది. సక్కుబాయి గంపలో గడ్డి పరిచి గుడ్లు పేర్చుకుని దవాఖానాకు వెళ్ళి ఇచ్చి వస్తుంది. వస్తూ బియ్యం తెస్తుంది. పెట్టలు ఉంటే బియ్యం. లేకుంటే లేదు. ఈ సంగతి ఇంట్లో ఇద్దరికీ తెలుసు. ఒకరు ఒప్పుకునేవారు, ఒకరు ఒప్పుకునేవారు కాదు.

పెట్టలకు అప్పటికే ఒక పుంజు ఉంది. దాన్ని ఎర్రోడు అనేది సక్కుబాయి. దాని రూపం గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. ఒక కాలు ఈడుస్తుంది. తోకలో సగం ఈకలు పిల్లి పట్టుకుపోయింది. ఇక ధైర్యం. దాని విషయంలో చెప్పుకోదగ్గది ఏమీ లేదు. అరవడం ఒక్కటే ఎర్రోడికి వచ్చిన విద్య. పొద్దున మొదలుపెట్టి కాకిని చూసి అరిచేది, గుండయ్య గొడుగును చూసి అరిచేది, పతంగుల రోజుల్లో ఆకాశం నిండా పతంగులు లేస్తే గొంతు బొంగురు పోయేదాకా అరిచేది. బేగంపేట వైపు నుంచి విమానం వస్తే ఇక చెప్పనక్కరలేదు. జర్మనీవాడి మీద గల్లీ తరఫున యుద్ధం ప్రకటించింది మొదట ఎర్రోడే అని గుండయ్య అనేవాడు.

అయితే ఆ అరుపుల్లో రెండు రకాలున్నాయని సక్కుబాయికి తెలుసు. పక్కన కూలిపోయిన పాత గుర్రాలశాల ఉంది. దాని కమాను మీద గద్ద కూర్చుంటుంది, దాని రాళ్ళ సందుల్లో ముంగిస కాపురం ఉంటుంది. గద్ద లేస్తే ఎర్రోడు సన్నగా, సాగదీసి ఒకే కూత కూసేది. పెట్టలూ పిల్లలూ ఉన్నవి ఉన్నట్టు తొట్టి కిందికీ, కట్టెల కిందికీ దూరేవి. ముంగిస వస్తే కుండ మీద గరిటెతో కొట్టినట్టు టకటకా ఒర్రేది. పెట్టలు గోడ మీదికీ, కప్పు మీదికీ ఎగిరేవి. సక్కుబాయి వంటింట్లో ఉన్నా మొదటి కూతకు పైకి చూస్తూ వచ్చేది, రెండో కూతకు చీపురు పట్టుకుని గోడ అడుగు చూస్తూ వచ్చేది. ఏళ్ళ తరబడి ఇలా జరుగుతూ వచ్చింది. పెట్టలు ఉన్నాయి. బియ్యం ఉన్నాయి.

ఆగయ్య ఇంటిపట్టున ఉండడం మొదలయ్యాక ఈ ఏర్పాటు మొదటిసారి కళ్ళారా చూశాడు. గద్ద నీడ పెరటి మీదుగా పోయింది. ఎర్రోడు కూత పెట్టి, పెట్టలు అన్నీ దూరాక, చివరికి తానూ వెళ్ళి కట్టెల కింద తల దూర్చింది. తోకలో మిగిలిన సగం బయట ఉంది.

ఆగయ్యకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఛీ! గిదేం పుంజే? దుష్మన్ ఇంక రానే రాలే, గప్పుడే ఒర్రబట్టె! మా దేవిడీల గిట్ల ఒర్రితే మెడ ఇరుస్తుండిరి."

"ఒర్రితెనే గదా అన్నీ ఉరికినయ్. గద్ద ఉత్తచేతుల పోయింది."

"ఉరుకుడు ఒక గెలుపా? నిలబడి కొట్టాలె."

"గద్దను కొట్టేటందుకు నాకు పుంజెందుకయ్యా? గుడ్లు మిగిలితె సాలు."

ఇది జ్ఞానం లేనివాళ్ళ మాట అని ఆగయ్య ఊరుకున్నాడు. ఊరుకునేవాడే, గోడ అవతల గుండయ్య లేకపోతే. గుండయ్యకు బర్రెలున్నాయి, పాలున్నాయి, తీరిక ఉంది. ఇతరుల పెరట్లో ఏం జరగాలో చెప్పడం అతనికి ఇష్టమైన వ్యాపకం.

"ఆగన్నా, ఒక మాటంట, తప్పు పట్టుకోకు" అన్నాడు ఒక ఉదయం గోడ మీద మోచేతులు ఆనించి. "నీ ఎర్రోని లొల్లికి నా బర్రె పాలు సేపుతలేదు. నిన్న పతంగొకటి తెగి పడితె పొద్దంత ఒర్రిండు. ఇంట్ల గసువంటి పహిల్వాన్ని పెట్టుకొని, ఈ ఒర్రేటోన్ని ఎందుకు మేపుతున్నవ్?"

"నేనూ గదే అంటున్న."

"తూఫాన్ తిరుగుతుంటె ముంగిస సలాం కొట్టి శాలిబండ ఇడిసి పోతది. ఏమంటవ్ వదినా?"

"ముంగిసకు సలాం కొట్టుడు ఎవలు నేర్పిన్రు భాయ్?" అంది సక్కుబాయి గింజలు చల్లుతూ. "నీ బర్రెకు పాలు లేకుంటె పచ్చగడ్డి ఎయ్యి. నా పుంజు జోలికి రాకు."

గుండయ్య నవ్వాడు. ఆగయ్య నవ్వలేదు. "తూఫాన్ బలం ఏందో మీ వదినకు ఎరుకలేదు" అన్నాడు. అని, తూఫాన్ మీది గుడ్డ తీశాడు.

సక్కుబాయి చేతిలో గింజల చేట ఉంది. ఏం జరగబోతోందో అర్థమై చీపురు అందుకునేసరికి ఆగయ్య ఆమె రెక్క పట్టుకున్నాడు. కోపంగా కాదు. పెద్దమనుషుల సభలో అడ్డం వచ్చినవాళ్ళను పక్కకు జరిపినట్టు, మర్యాదగా పట్టుకున్నాడు. రెండో చేత్తో చిటిక వేశాడు.

ఎర్రోడు పోరాడలేదు. ఆ విద్య దానికి రాదు. తూఫాన్ మీదికి రాగానే అది మెడ ఎత్తి, రెండో రకం కూత, కుండ మీద గరిటె కూత, మొదలుపెట్టింది. పెట్టలన్నీ గోడ ఎక్కాయి, కప్పు ఎక్కాయి. మొదటి తన్నుకు ఎర్రోడి ఛాతీ చీలింది. అయినా అరుస్తూనే ఉంది. కాలు ఈడ్చుకుంటూ తొట్టి చుట్టూ తిరుగుతూ, పిల్లలు ఇంకా బయట ఉన్నాయేమో అని చూస్తున్నట్టు మెడ తిప్పుతూ అరిచింది. తూఫాన్ ఒక్క చప్పుడు చెయ్యలేదు. పద్ధతిగా, తొందర లేకుండా, ఒక కన్ను తీసి, రెండో కన్ను తీసి, మెడ పట్టుకుంది.

"సూసినవా? ఒర్రుతుండు!" అన్నాడు ఆగయ్య సక్కుబాయి చెవిలో, పిల్లలకు పాఠం చెప్పినట్టు. "మొదటి దెబ్బకే ఒర్రిండు. ఓడిండు. గదే తేడా."

గోడ మీద గుండయ్య, "శెభాష్" అన్నాడు.

కూత ఆగాక ఆగయ్య ఆమె రెక్క వదిలాడు. సక్కుబాయి వెళ్ళి ఎర్రోణ్ణి ఎత్తింది. తూకం వేసినట్టు ఒకసారి చేతిలో ఆడించింది. నీళ్ళు కాచింది. ఈకలు పీకింది. ఆ రాత్రి ఆగయ్య రెండుసార్లు వడ్డించుకున్నాడు. "మనిషిగ పనికిరాకున్నా కూరల పనికొచ్చిండు" అన్నాడు. ఎర్రోడు మనిషి కాదని సక్కుబాయి అనలేదు. ఆమె కారం నీళ్ళతో అన్నం తిని గిన్నెలు కడిగింది.

ఆ తరవాత పెరట్లో శాంతి నెలకొంది. గుండయ్య బర్రె పాలు సేపింది. పతంగులు లేచాయి, తెగాయి, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. తూఫాన్ పెరటి నడుమ కంచు విగ్రహంలా నిలబడేది. ముంగిస రాలేదు. రాళ్ళ సందులోంచి తల పెట్టి ఈ కొత్త వ్యవహారం ఏమిటో చూసి పోయేదిగాని, వచ్చేది కాదు. ఆగయ్య దారినపోయేవాళ్ళను లోపలికి పిలిచి మరీ చూపించేవాడు. "కాపలా అంటె గిది. మాట లేదు, పలుకు లేదు."

గద్దకు మాత్రం తూఫాన్ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. అది మొదటి పిల్లను పట్టుకుపోయినప్పుడు సక్కుబాయి వంటింట్లో ఉల్లిగడ్డ కోస్తోంది. ఏమీ వినిపించలేదు. బయటికి వచ్చి చూస్తే తల్లికోడి పిచ్చిదానిలా తిరుగుతోంది. పెట్టకు కూత వచ్చుగాని గద్ద వెళ్ళాక వచ్చింది. ఎంతసేపూ గింజల మీద వంచిన తల ఆకాశాన్ని ఎప్పుడు చూస్తుంది? ఆ పని చెయ్యడానికి ఒకడుండేవాడు. ఇప్పుడు తూఫాన్ ఉన్నాడు. ఉన్న ఒక్క కంటితో ఎదురుగా చూస్తూ నిలబడి ఉన్నాడు.

"నీ సిపాయి ఏం జేసిండు?"

"గద్దతోని వాడెందుకు తలపడతడే? వాని బరాబర్ గాదది. పహిల్వాను దోమలెంబడి పడతడా?" అన్నాడు ఆగయ్య.

దోమ అనదగిన ఆ పిల్లలు ఒకటొకటే పోయాయి. రాహేలు ఒక సాయంత్రం గుడ్ల కోసం ఇంటికి వచ్చి, పెరట్లోకి తొంగి చూసి, "ఏందక్కా, పిల్లలేవి?" అంది.

"బరాబర్ కాలేదంట" అంది సక్కుబాయి.

"మొఘల్‌పురల మా పెద్దమ్మ కాడ మంచి పుంజుందక్కా. మస్తు ఒర్రుతది. తెప్పియ్యాల్నా?"

లోపలినుంచి ఆగయ్య అన్నాడు: "తెప్పియ్యి. తూఫాన్‌కు నాష్తా అయితది."

దానితో ఆ మాట ఆగిపోయింది. సక్కుబాయి తానే పెరట్లో కూర్చోవడం మొదలుపెట్టింది. బియ్యం ఏరినా, గుడ్డలు కుట్టినా అక్కడే. కాని గుడ్లు నడిచి దవాఖానాకు వెళ్ళవు. అవి తీసుకుని ఆమె వెళ్ళక తప్పదు. ఎండాకాలం మధ్యాహ్నం, గంప నెత్తిన పెట్టుకుని వెళ్తూ భర్తతో చెప్పింది.

"జర పెరట్ల కూసోయ్యా. నేనొచ్చేదాంక."

"నేనెందుకే? తూఫాన్ ఉన్నడు. నువ్వేం ఫికర్ చెయ్యకు."

ఆగయ్య అరుగు మీద నవారు మంచం వాల్చుకుని పడుకున్నాడు. నిద్ర బాగా పట్టింది. చప్పుడు చేసేవాళ్ళు ఎవరూ లేరు మరి.

సక్కుబాయి తిరిగి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. ఖాళీ గంప అడుగున గుడ్డలో కట్టిన బియ్యం ఉన్నాయి. ఆగయ్య వాకిట్లోనే ఎదురొచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. కళ్ళలో నీళ్ళున్నాయి. చొక్కా మీద రక్తం ఉంది.

"సక్కూ! నువ్వు సూడకపోతివి! సూసి ఉంటె... నా జిందగీల గసువంటి పోరు సూడలే!"

ఆమె అతన్ని దాటి పెరటి తలుపు తీసింది.

పెట్టలు ఎక్కడివక్కడ ఉన్నాయి. తొట్టి నీడలో దుమ్ములో పొర్లుతున్నవి పొర్లుతున్నట్టే ఉన్నాయి, మెడలు మాత్రం వెనక్కి తిరిగి ఉన్నాయి. ఒకటి గోడ దాకా పోయింది. ఒకటి గూటి గుమ్మంలో అడ్డంగా పడి ఉంది. ముంగిస తినలేదు, ఆకలికి చంపలేదు. మెడ కొరికి పక్కదాని దగ్గరికి వెళ్ళింది, దాని మెడ కొరికి ఇంకొకదాని దగ్గరికి వెళ్ళింది. ఎవరూ అరవలేదు కనుక ఎవరూ లేవలేదు. చివర్లో, కట్టెల దగ్గర, తూఫాన్.

ఆగయ్య వెనకనే వచ్చి చెబుతున్నాడు. "నేను లేసొచ్చేసరికి గది ఆఖరి పెట్టను పట్టుకున్నది. తూఫాన్ యాడున్నడనుకున్నవ్? గదో, నడుమ. నిలబడ్డడు. సుట్టూ ఇన్ని పడుతుంటె కూడ జర్ర కదలలే! నా దిక్కు సూస్తుండు. నా చిటిక కోసం సూస్తుండే! గదీ తాలీం అంటె! నేను చిటిక ఏసిన. ఇగ సూడు, పిడుగు లెక్క దుంకిండు. రెండు తన్నులు. ముంగిస మూతి పగిలింది. అది ఎడమదిక్కుకెళ్ళి తిరిగింది. గుడ్డి కన్ను గదా, పాపం, అవుపడలే. మెడ అందింది. అయినా సక్కూ, ఒట్టు, పాణం పోయేదాంక నోరు తెరవలే. ఒక్క కూత కుయ్యలే!"

సక్కుబాయి పెరడంతా కలియజూసింది.

"పెట్టలేవయ్యా?" అంది.

ఆగయ్య అప్పుడు చూశాడు. అంతకుముందు కూడా చూశాడు గాని, పందెం చూసేవాడికి బరి చుట్టూ ఉన్నవి కనబడవు.  

గోడ మీద గుండయ్య తల లేచింది. "నాకు జర్ర చప్పుడు రాలే వదినా. ఎర్రోడుంటె బర్రె నిడిసి ఉరికొస్తుంటి, ఏమైందోనని" అన్నాడు. ఈ మాట అన్న తరవాత అతను చాలా రోజులు గోడ దగ్గరికి రాలేదు.

ఆ పూట గల్లీలో ప్రతి ఇంటా కోడికూర. సక్కుబాయి ఈకలు పీకి, ముంగిస కొరికిన చోట కోసేసి, తెల్లవారేసరికి చెడిపోతాయి గనక అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ ఇచ్చేసింది. తూఫాన్‌ను నిమ్మచెట్టు కింద పాతుదామని, వీలైతే ఒక మూర పూలు వేద్దామని ఆగయ్య అన్నాడు. ఆమె పొయ్యి రాజేసింది. తూఫాన్ నడిరేయిదాకా పొయ్యి మీద ఉడికింది. ఉడకలేదు. ఆగయ్య ఆ రాత్రి పస్తు పడుకున్నాడు. మర్నాడు కూరకు ఇంట్లో ఇంకేమీ లేదు కనుక తిన్నాడు. చాలాసేపు నమిలి, "గట్టి గోస్తు" అన్నాడు. కళ్ళనీళ్ళ పర్యంతమై ఉన్నా ఆ మాటలో కొంచెం గర్వం కూడా ఉంది.

పెట్టల్లో ఒకటి మిగిలింది. అది వంటింటి మూల బుట్టలో గుడ్ల మీద పొదుగుతూ ఉండడం వల్ల ఈ చరిత్రాత్మక సమరానికి హాజరు కాలేకపోయింది. పిల్లలు దిగాక సక్కుబాయి వాటిని పెరట్లోకి వదిలి, మొఘల్‌పుర పుంజును తెప్పించకుండా నిమ్మచెట్టు కింద ఒక పీట వేసింది.

"ఇగ కూసో" అంది భర్తతో.

"ఎందుకు?"

"ఎర్రోడు లేడు గదా. ఆయన జాగల నువ్వు."

"కూసోని ఏం జెయ్యాలె?"

"ఒర్రాలె."

ఆగయ్య నవ్వబోయాడు. ఆమె నవ్వడం లేదు.

"నేనా? ఒర్రుడా? మా నాయన సచ్చేటప్పుడు గూడ..."

"మీ నాయన బువ్వ పెట్టడు. గద్దొస్తె సన్నగ, లంబగ ఒక్క కూత. ముంగిసొస్తె టకటక. కలపకు. నేను పైకి సూడాల్నో కిందికి సూడాల్నో నాకు ఎరుక కావాలె."

మొదటి రోజు గద్ద లేచింది. ఆగయ్య చూశాడు. కూత గొంతు దాకా వచ్చింది, అక్కడ తండ్రి ఉన్నాడు, తండ్రి సూత్రం ఉంది, దేవిడీ ఉంది. చేతులు విసిరి, నోరు మూసుకునే లేచి పరుగెత్తాడు. గద్ద పిల్లను తీసుకుపోయింది. ఆ సాయంత్రం సక్కుబాయి అన్నం ఒకే కంచంలో వడ్డించుకుని, అతని ఎదురుగా కూర్చుని తిన్నది. కోపం లేదు. తినడం అయ్యాక కంచం కడిగి బోర్లించింది.

మర్నాడు ఆగయ్య అరిచాడు. తలుపు కీలు కిర్రుమన్నట్టు వచ్చింది మొదటి కూత. పిల్లలు కదలలేదు. అవి ఎర్రోడి భాష పుట్టి ఎరగవు, ఈ భాష కొత్తగా నేర్చుకోవాలి. "గట్టిగ!" అంది ఆమె వంటింట్లోంచి. గట్టిగా అరిచాడు. పిల్లలు తల్లి కింద దూరాయి. గల్లీలో ఇద్దరు ముగ్గురు బయటికి వచ్చి చూశారు.

మనిషికి అలవాటు కానిది ఏదీ లేదు. మొదట గద్దకు అరిచాడు. తరవాత కాకికి అరిచాడు. కాకికి అరవకపోతే గద్దను కూడా కాకి అని పొరబడే ప్రమాదం ఉందని అనుభవం మీద తెలిసింది. తరవాత గుండయ్య గొడుగుకు అరిచాడు. పతంగుల రోజుల్లో పిల్లకాయలు పని గట్టుకుని నల్ల పతంగిని నిమ్మచెట్టు మీదికి తెచ్చి వంచేవారు. అది పతంగి అని ఆగయ్యకు తెలుసు. అయినా అరిచేవాడు, ఏమో, వెనకాల గద్ద ఉండొచ్చు. విమానం వస్తే లేచి నిలబడి అరిచేవాడు. దేవిడీలో ఒకప్పుడు తనతో పనిచేసినవాళ్ళు ఆ దారిన పోతూ విని, ఆగి, తలలు వంచుకుని వెళ్ళిపోయేవారు. గల్లీ అంతా అతన్ని ఎర్రోడనే పిలిచేది. సక్కుబాయి పిలవలేదు. ఆమె అతన్ని ఏ పేరుతోనూ పిలవలేదు. కూత వినగానే పైకో కిందికో చూస్తూ వచ్చేది, పని చూసుకుని వెళ్ళిపోయేది.

పెరడు మళ్ళీ నిండింది. దవాఖానాకు మళ్ళీ గుడ్లు వెళ్ళాయి. ఆగయ్య రెండు పూటలా తిన్నాడు.

యుద్ధం ముగిసిన మరుసటి ఎండాకాలం ఒక మధ్యాహ్నం సక్కుబాయి పొయ్యి ముందు కూర్చుని ఉంది. కిటికీ ముందు నుంచి నీడ ఒకటి జారినట్టయింది. ఆమె చెవి ఒగ్గింది. కూత రాలేదు. ఆ వెంటనే తల్లికోడి పిచ్చిగా అరవడం వినిపించింది, ఎప్పటిలాగే, అంతా అయ్యాక.

సక్కుబాయి బయటికి వచ్చింది. నిమ్మచెట్టు కింద ఆగయ్య పీట మీద, గోడకు ఆనుకుని, తల పక్కకు వాల్చి కూర్చున్నాడు. తెరిచిన కళ్ళ మీద ఈగ వాలినా రెప్ప పడలేదు. నోరు మూసే ఉంది. ఆమె ఒకసారి అతని వైపు, ఒకసారి కమాను వైపు చూసింది. గద్ద ఇంకా అక్కడే ఉంది.

మిగిలిన పిల్లలను ఏరి, తల్లికోడితో సహా గంప కింద కమ్మింది. గంప మీద రాయి పెట్టింది. తరవాత ఆగయ్య దగ్గరికి వెళ్ళింది.